నలభై నిమిషాల దూరానికి గంటా పది నిమిషాల టికెట్ ఎందుకు?

రెండు ప్రాంతీయ విమానాశ్రయాల మధ్య దూరం 336 కిలోమీటర్లు అనుకుందాం. ఆ మార్గంలో తిరిగేది గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగం గల టర్బోప్రాప్, అంటే ప్రొపెల్లర్లతో నడిచే విమానం. దూరాన్ని వేగంతో భాగిస్తే 40 నిమిషాలు వస్తుంది. ఆ విమానం ఎక్కి కూర్చున్నాక పైలట్ మైకులో ప్రయాణ సమయం 50 నిమిషాలని చెబుతాడు. దిగాక ఆయనే తన లాగ్‌బుక్‌లో 62 నిమిషాలని రాసుకుంటాడు. ప్రయాణికుడి చేతిలోని టికెట్ మీద మాత్రం బయలుదేరే వేళకూ చేరే వేళకూ మధ్య 70 నిమిషాల తేడా కనిపిస్తుంది. ఈ నాలుగు అంకెల్లో తప్పుడు అంకె ఒక్కటీ లేదు. దేన్ని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపి కొలిచారన్నది తెలియకపోవడం వల్లే అవి ఒకదానికొకటి పొసగనట్టు కనిపిస్తాయి. సుదూర ప్రయాణాల్లో ఈ తేడాలు పెద్ద అంకెలో కలిసిపోతాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే చిన్న విమానాల విషయంలో ఈ తేడాలే ప్రయాణ సమయంలో సగం దాకా ఉంటాయి.

ముందుగా దూరం సంగతి. రెండు ఊళ్ల మధ్య దూరం వేరు, ఆ ఊళ్ల పేర్లు పెట్టుకున్న విమానాశ్రయాల మధ్య దూరం వేరు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్-హాన్ విమానాశ్రయం ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి సుమారు 120 కిలోమీటర్ల అవతల ఉంది. పేరు చూసి పటం మీద నగరం నుంచి నగరానికి స్కేలు పెట్టి కొలిచినవాడి లెక్కలో అక్కడే వంద కిలోమీటర్ల పైచిలుకు తేడా రావచ్చు. వైమానిక పటాల్లో ప్రతి విమానాశ్రయానికీ ఒక ప్రామాణిక బిందువు ఉంటుంది. సాధారణంగా అది రన్‌వేల మొత్తానికి మధ్యన ఎక్కడో పడుతుంది. దాని అక్షాంశ రేఖాంశాలను డబ్ల్యూజీఎస్-84 అనే భూనమూనా ప్రకారం ప్రకటిస్తారు. విమానాశ్రయాల మధ్య దూరమంటే ఈ రెండు బిందువుల మధ్య, భూమి ఉపరితలం వెంబడి ఉండే అతి చిన్న దారి. దీనినే మహావృత్త దూరం అంటారు.

ఆ లెక్క ఎలా వస్తుందో ఒకసారి చేసి చూస్తే చాలా అపోహలు వాటంతటవే పోతాయి. పడమటి విమానాశ్రయం 40 డిగ్రీల అక్షాంశం మీద, తూర్పుది 42 డిగ్రీల మీద ఉన్నాయనీ, రేఖాంశాల్లో తేడా 3 డిగ్రీలనీ అనుకుందాం. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే భూమి మీద ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశంలో డిగ్రీ అలా స్థిరంగా ఉండదు. భూమధ్యరేఖ దగ్గర 111 కిలోమీటర్లున్న ఆ ఎడం, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ కుంచించుకుపోతూ 60 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి సగమే మిగులుతుంది. అందుకే మన 3 డిగ్రీలను మధ్య అక్షాంశమైన 41 డిగ్రీల కొసైన్ విలువతో, అంటే 0.755తో గుణించాలి. అప్పుడు 2.26 డిగ్రీలు వస్తుంది. ఉత్తర దక్షిణాల తేడా 2 డిగ్రీలు. ఈ రెండింటినీ లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలుగా తీసుకుంటే కర్ణం 3.02 డిగ్రీలు అవుతుంది, దాన్ని 111తో గుణిస్తే 336 కిలోమీటర్లకు అటూ ఇటూగా తేలుతుంది. ఇవే డిగ్రీల తేడాలున్న రెండు ఊళ్లు భూమధ్యరేఖకు ఆనుకుని ఉంటే వాటి మధ్య దూరం సుమారు 401 కిలోమీటర్లు, 60 డిగ్రీల అక్షాంశం దాటాక ఉంటే సుమారు 275 కిలోమీటర్లు అవుతుంది. పటం మీద ఒకే పొడవుగా కనిపించే గీతలు నేల మీద ఒకే పొడవు కావని చెప్పడానికి ఇంతకంటే తేలిక ఉదాహరణ నాకు తోచలేదు.

ఇక్కడ చేసింది పైథాగరస్ సిద్ధాంతంతో సరిపెట్టుకున్న లెక్క. దూరం పెరిగితే ఇది చాలదు, గోళ త్రికోణమితి కావాలి. హావర్‌సైన్ సూత్రం ఆ పని చేస్తుంది. దానికీ ఒక లోపం ఉంది: అది భూమిని కచ్చితమైన బంతి అనుకుంటుంది. నిజానికి భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లయితే ధ్రువాల దగ్గర 6,357 కిలోమీటర్లే. ఈ అణిగిన ఆకారాన్ని కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతిని థాడియస్ విన్సెంటీ 1975లో ప్రచురించారు, అది ఇప్పటికీ వాడుకలో ఉంది. బంతి లెక్కకూ దీనికీ వచ్చే తేడా గరిష్ఠంగా అరశాతం చుట్టుపక్కల ఉంటుంది. 336 కిలోమీటర్ల మీద అది రెండు కిలోమీటర్లకు మించదు. కాబట్టి ఒక చోట 335 అనీ మరో చోట 337 అనీ కనిపిస్తే కంగారు పడాల్సింది లేదు. ఒక చోట 336 అనీ మరో చోట 181 అనీ కనిపిస్తే మాత్రం యూనిట్ చూసుకోవాలి. విమానయానంలో దూరాన్ని నాటికల్ మైళ్లలో చెబుతారు. అక్షాంశంలో ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే అందులో ఒక భాగం సుమారుగా ఒక నాటికల్ మైలు, 1929 నుంచి దీన్ని సరిగ్గా 1,852 మీటర్లుగా స్థిరపరిచారు. గంటకు ఒక నాటికల్ మైలు వేగాన్ని నాట్ అంటారు. రోడ్డు మైలు 1,609 మీటర్లే. 181 నాటికల్ మైళ్లను మామూలు మైళ్లనుకుని కిలోమీటర్లలోకి మారిస్తే 291 వస్తుంది, అంటే 45 కిలోమీటర్లు ఎటో పోయినట్టే.

ఇదే సందర్భంలో తరచూ వినిపించే రెండు సందేహాలను ఇక్కడే తీర్చేయవచ్చు. విమానం పైన ఎగురుతుంది కదా, పైకి వెళ్లేకొద్దీ భూమి చుట్టుకొలత పెరిగినట్టే దూరం కూడా పెరగదా అన్నది మొదటిది. పెరుగుతుంది, కానీ 17,000 అడుగుల ఎత్తులో ఆ పెరుగుదల 0.08 శాతం, అంటే మన మార్గం మీద 300 మీటర్ల లోపు. పటం మీద గీసిన తిన్నటి గీత అతి దగ్గరి దారి కాదు కదా, వంపు తిరిగిన మహావృత్తంలో వెళ్తే ఎంత కలిసివస్తుంది అన్నది రెండోది. ఖండాలు దాటే ప్రయాణంలో వందల కిలోమీటర్లు కలిసివస్తాయి. మన 336 కిలోమీటర్ల దారిలో కలిసివచ్చేది పాతిక మీటర్లు కూడా ఉండదు, విమానం పొడవు కంటే తక్కువ. ప్రాంతీయ మార్గాల గురించి మాట్లాడుతూ మహావృత్తాల వంపుల మీద పేరాలకు పేరాలు రాయడం అందుకే నాకు కాస్త వింతగా అనిపిస్తుంది.

అసలు తేడా వచ్చేది మరో చోట. ఆ 336 కిలోమీటర్ల గీత మీద విమానం ఎగరదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ అయిన ఐకావో, ప్రయాణికుడి వాటా కర్బన ఉద్గారాలను లెక్కించే పద్ధతిలో ఈ విషయాన్ని ముందే ఒప్పుకుంటుంది: మహావృత్త దూరం 550 కిలోమీటర్ల లోపు ఉంటే దానికి 50 కిలోమీటర్లు కలపాలి, 550 నుంచి 5,500 వరకు 100, ఆ పైన 125 కలపాలి. ఈ అంకెల తీరు గమనించాలి. దూరం పదిరెట్లు పెరిగినా అదనంగా కలిపేది రెండింతలే. 5,000 కిలోమీటర్ల ప్రయాణానికి 100 కలిపితే 2 శాతం, మన 336కు 50 కలిపితే 15 శాతం. చుట్టు తిరుగుడు దారి మధ్యలో కంటే రెండు కొసల్లోనే ఎక్కువగా ఉంటుందని ఈ ఒక్క పట్టీ చూసినా అర్థమవుతుంది.

కొసల్లో ఏమవుతుందంటే, విమానం గాలికి ఎదురుగా లేవాలి, గాలికి ఎదురుగానే దిగాలి. రన్‌వే ఏ దిక్కుకు ఉందో దాని పేరే చెబుతుంది. 09 అని రాసి ఉంటే దాదాపు 90 డిగ్రీలు, అంటే తూర్పు వైపు. అదే రన్‌వేను రెండో కొస నుంచి వాడితే 27, పడమర వైపు. మన విమానం తూర్పుకు పోవాలి. ఆ రోజు గాలి పడమటి నుంచి వీస్తుంటే అది పడమటికి పరుగెత్తి, లేచి, కొంత ఎత్తుకు వెళ్లి, వెనక్కి తిరిగి, తాను బయలుదేరిన విమానాశ్రయాన్ని మళ్లీ దాటుకుని వెళ్లాలి. దిగేచోట కూడా ఇంతే. రన్‌వేకు తిన్నగా వచ్చే చివరి వరుసలోకి కనీసం కొన్ని మైళ్ల ముందే చేరుకోవాలి కాబట్టి, అటు వైపు నుంచి దిగాల్సి వస్తే ఊరు దాటి ముందుకుపోయి మళ్లీ వెనక్కి రావాలి. ఈ రెండు మలుపులకూ 20 నుంచి 40 కిలోమీటర్లు పోతే ఆశ్చర్యం లేదు. బయలుదేరే దారినీ, చేరే దారినీ ముందే గీసి పెట్టిన పద్ధతులు ఉంటాయి. వాటి మధ్య వేపాయింట్లు అనే ఊహా బిందువులను కలుపుకుంటూ మార్గం సాగుతుంది. ఈ బిందువులకు ఇంగ్లీషు అక్షరాలు ఐదేసి చొప్పున, నోటితో పలకడానికి వీలుగా ఉండే పేర్లు పెడతారు. మధ్యలో సైనిక విన్యాసాలకు కేటాయించిన గగనతలం ఉంటే దాని చుట్టూ తిరగాలి. యూరప్ గగనతల నిర్వహణ సంస్థ యూరోకంట్రోల్, విమానాలు తిన్నటి దారి నుంచి ఎంత పక్కకు పోతున్నాయో కొలిచేటప్పుడు, రెండు విమానాశ్రయాల చుట్టూ 40 నాటికల్ మైళ్ల వలయాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. ఆ వలయాల్లో జరిగేది వేరే కథ కాబట్టి అలా చేయడం సబబే. మన మార్గం మొత్తం 181 నాటికల్ మైళ్లు. అందులో అటు 40, ఇటు 40 తీసేస్తే కొలవడానికి మిగిలేది 101 మాత్రమే. దగ్గరి ప్రయాణంలో కొసలకు ఎంత వాటా ఉందో ఇక వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు సమయానికి వద్దాం. దూరాన్ని వేగంతో భాగించే పద్ధతి రైలుకైనా బస్సుకైనా ఎంతో కొంత పనికొస్తుంది, విమానానికి మాత్రం అడుగడుగునా తప్పుతుంది. బ్రోచర్‌లో ఇచ్చే 500 కిలోమీటర్ల వేగం విమానం ఎత్తుకు చేరి, సమంగా ఎగురుతున్నప్పటిది. ఎక్కుతున్నప్పుడు అంత వేగం ఉండదు, దిగుతున్నప్పుడూ ఉండదు. మన మార్గం మలుపులతో కలిపి 363 కిలోమీటర్లు, అంటే 196 నాటికల్ మైళ్లు అయిందనుకుందాం. విమానం 17,000 అడుగులకు నిమిషానికి సగటున వెయ్యి అడుగుల చొప్పున ఎక్కితే 17 నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో సగటున 200 నాట్లతో 57 నాటికల్ మైళ్లు సాగుతుంది. దిగడానికి పైలట్లు వాడే మోటు లెక్క ఒకటుంది: ప్రతి వెయ్యి అడుగులకు మూడు మైళ్లు. ఆ ప్రకారం గమ్యానికి 51 మైళ్ల ముందే దిగడం మొదలవ్వాలి, దానికి ఇంకో 13 నిమిషాలు. మధ్యలో పూర్తి వేగంతో ఎగరడానికి మిగిలేది 88 మైళ్లు. 270 నాట్ల వేగంతో అది 20 నిమిషాలు. మొత్తం 50. ఇదే పైలట్ మైకులో చెప్పే అంకె. అందులో బ్రోచర్ వేగంతో ఎగిరేది సగం కూడా కాదు.

టర్బోప్రాప్ బదులు జెట్ విమానం పెడితే ప్రయాణ సమయం ఎంత తగ్గుతుంది? సమంగా ఎగిరేటప్పుడు జెట్ వేగం గంటకు 800 కిలోమీటర్లు అనుకుంటే, అది 60 శాతం ఎక్కువ వేగం. ఆ జెట్ 25,000 అడుగులకు ఎక్కడానికి 12 నిమిషాలు, దిగడానికి 15 నిమిషాల పైన పడుతుంది. మధ్యలో తన అసలు వేగాన్ని చూపించే అవకాశం దానికి దొరికేది ఎనిమిది తొమ్మిది నిమిషాలు. పైగా చాలా దేశాల్లో 10,000 అడుగుల కింద వేగం 250 నాట్లకు మించకూడదన్న నియమం ఉంది. టర్బోప్రాప్‌కు ఆ నియమం అడ్డే కాదు, ఎందుకంటే ఆ ఎత్తుల్లో అది అంతకంటే వేగంగా పోయేది కాదు. జెట్‌కు మాత్రం కళ్లెం వేసినట్టే. మొత్తం మీద జెట్ గాలిలో ఉండేది 36 నిమిషాలు. టర్బోప్రాప్ కంటే 14 నిమిషాలు ఆదా. నేల మీద గడిపే నిమిషాలను కూడా కలిపితే 62కు బదులు 48, అంటే వేగం 60 శాతం పెరిగితే సమయం తగ్గింది 23 శాతం. ఆ కాస్త ఆదా కోసం ఎంతో ఎక్కువ ఇంధనం కాల్చడం విమాన సంస్థలకు గిట్టుబాటు కాదు కాబట్టే, ఇలాంటి దూరాల్లో ఏటీఆర్ 72 వంటి ప్రొపెల్లర్ విమానాలు ఇన్నేళ్లుగా నిలబడ్డాయి. ప్రొపెల్లర్ అనగానే పాతకాలపు బండి అని ముఖం చిట్లించేవాళ్లు ఈ 14 నిమిషాల సంగతి ఆలోచించాలి.

దూరం ఇంకా తగ్గితే ఏమవుతుందో చూడాలంటే స్కాట్లండ్‌లోని ఆర్క్‌నీ దీవులకు పోవాలి. అక్కడ వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు దీవుల మధ్య 1967 నుంచి లోగానెయిర్ అనే విమాన సంస్థ నడుపుతున్న విమానం, క్రమం తప్పకుండా తిరిగే సర్వీసుల్లో ప్రపంచంలోనే అతి చిన్నది. దూరం దాదాపు 2.7 కిలోమీటర్లు. రెండు నిమిషాల లోపే అయిపోతుంది, గాలి అనుకూలించిన ఒక రోజు 53 సెకన్లలో చేరిన రికార్డు ఉంది. ఆ రికార్డు రోజున కూడా సగటు వేగం గంటకు 185 కిలోమీటర్ల లోపే. మామూలు రోజుల్లో ఒకటిన్నర నిమిషం పడితే అది గంటకు 108 కిలోమీటర్లు, మంచి రహదారి మీద కారు వేగం. అక్కడ తిరిగే ఐలాండర్ విమానం అంతకు రెట్టింపు వేగంతో పోగలదు. ఎక్కడం పూర్తయ్యేలోపే దిగడం మొదలుపెట్టాలి కాబట్టి ఆ వేగం అందుకునే వ్యవధి దానికి ఉండదు.

సుమారు 290 కిలోమీటర్ల ఒక మార్గంలో నేను ఒకసారి కిటికీ పక్కన కూర్చుని నిమిషాలు రాసుకున్నాను. ఏటీఆర్‌లో ప్రయాణికులు వెనుక తలుపు నుంచి ఎక్కుతారు. సామాను ముందు భాగంలో వేస్తారు. దానికి నేల మీద విద్యుత్తు ఇచ్చే అదనపు చిన్న ఇంజన్ ఉండదు. బదులుగా కుడివైపు ఇంజన్‌ను తిప్పుతూనే, దాని ప్రొపెల్లర్‌ను మాత్రం బ్రేకుతో పట్టి ఉంచుతారు. దీన్ని హోటల్ మోడ్ అంటారు. చక్రాలకు అడ్డం పెట్టిన దిమ్మలు తీసిన క్షణాన్ని సున్నాగా పెట్టుకున్నాను. ఆ విమానాశ్రయంలో రన్‌వేకు సమాంతరంగా ట్యాక్సీవే, అంటే విమానాలు నేల మీద నడిచే పక్కదారి, లేదు. అందుకని విమానం రన్‌వే మధ్యలోకి వచ్చి, దాని మీదే కొస దాకా నిదానంగా దొర్లుకుంటూ వెళ్లి, అక్కడ కాస్త వెడల్పు చేసిన చోట గుండ్రంగా తిరిగి నిలబడింది. కొస దగ్గర పక్క గడ్డి మీద గాలి దిక్కు చూపించే నారింజరంగు గుడ్డ గొట్టం సగానికి లేచి ఊగుతోంది. తొమ్మిదో నిమిషంలో చక్రాలు నేలను వదిలాయి. ఎక్కడం ఆగి ముక్కు సమానమైంది ఇరవై ఆరో నిమిషంలో. ముప్పై ఆరులో చెవులు మూసుకుపోవడం మొదలైంది, అంటే దిగుతున్నాం. సమంగా ఎగిరింది పది నిమిషాలే, ఆ పది నిమిషాల్లోనే సిబ్బంది నీళ్లు పంచి ఖాళీ సీసాలు తీసుకుపోయారు. యాభై రెండులో చక్రాలు దిగిన చప్పుడు, యాభై అయిదులో నేల తాకడం, యాభై తొమ్మిదిలో ఆగడం. టికెట్ మీద వ్యవధి 70 నిమిషాలు. పదకొండు నిమిషాలు ముందే చేరామని పక్క సీటాయన పైలట్‌ను మెచ్చుకున్నాడు. పైలట్ అందులో ప్రత్యేకంగా చేసిందేమీ లేదు, ఆ పదకొండు నిమిషాలు టికెట్‌లో మొదటి నుంచీ ఉన్నాయి.

వాటి సంగతి చెప్పేముందు గాలి గురించి ఒక మాట. విమానం వేగం అంటే చుట్టూ ఉన్న గాలితో పోల్చిన వేగం. ఆ గాలే కదులుతుంటే నేల మీద లెక్కకు వచ్చే వేగం మారుతుంది. భూమి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి పడమటికి పోయే విమానానికి గమ్యం ఎదురొస్తుందని కొందరు వాదిస్తారు. వాతావరణం కూడా భూమితో పాటే తిరుగుతుంది కాబట్టి అలా జరగదు, లెక్కలోకి వచ్చేది వీచే గాలి ఒక్కటే. ఇందులో ఒక చిత్రమైన విషయం ఉంది. పోయేటప్పుడు ఎదురుగాలి వల్ల పోయిన సమయం వచ్చేటప్పుడు వెనుకగాలి వల్ల తిరిగి వస్తుందని అనుకుంటాం. రాదు. 300 నాటికల్ మైళ్ల దారిలో 270 నాట్ల విమానం గాలి లేనప్పుడు పోను రాను 133 నిమిషాలు తీసుకుంటుంది. 90 నాట్ల గాలి ఉంటే ఎదురుగా పోయేటప్పుడు నేల వేగం 180, వచ్చేటప్పుడు 360. పోవడానికి 100 నిమిషాలు, రావడానికి 50, మొత్తం 150. ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటాం, వెనుకగాలిలో తక్కువ సేపు ఉంటాం, కాబట్టి నష్టం ఎప్పుడూ లాభం కంటే ఎక్కువే. తొమ్మిది పది కిలోమీటర్ల ఎత్తున వీచే జెట్ స్ట్రీమ్ అనే వేగవంతమైన గాలి పాయల దాకా టర్బోప్రాప్‌లు వెళ్లవు, ఏటీఆర్ గరిష్ఠ ఎత్తు 25,000 అడుగులే. అయితే వాటి వేగం తక్కువ కాబట్టి మామూలు గాలి కూడా వాటికి గట్టిగానే తగులుతుంది. 60 నాట్ల గాలి 430 నాట్లతో పోయే జెట్ వేగంలో 14 శాతం, మన టర్బోప్రాప్ వేగంలో 22 శాతం.

మిగిలినవి లాగ్‌బుక్‌లోని 62, టికెట్‌లోని 70. ప్రయాణ సమయం అంటే గాలిలో ఉన్న సమయమని మామూలుగా అనుకుంటాం. ఐకావో నిర్వచనం అలా లేదు. ఎగరాలన్న ఉద్దేశంతో విమానం మొదటిసారి కదిలిన క్షణం నుంచి, ప్రయాణం ముగిసి చివరిసారిగా ఆగే క్షణం వరకూ గడిచినదంతా ప్రయాణ సమయమే. దీన్నే వాడుకలో బ్లాక్ టైమ్ అంటారు. చక్రాల కింద దిమ్మలు తీసినప్పటి నుంచి మళ్లీ పెట్టేవరకు అన్నమాట. పైలట్ల పని గంటల పరిమితులను లెక్కించేది, అనుభవాన్ని కొలిచేది దీనితోనే. మన ఉదాహరణలో గాలిలో 50 నిమిషాలు, బయలుదేరేచోట నేల మీద 8, చేరినచోట 4, మొత్తం 62. చిన్న విమానాశ్రయాలకు ఒక వరం ఏమిటంటే రన్‌వే దగ్గర బారులు ఉండవు. పెద్ద నగరంలో రద్దీ వేళ ఇదే 8 నిమిషాలు 20, 25 అయిపోవచ్చు. ఆ వరానికి ఒక మెలిక కూడా ఉంది. రాడార్ లేని చోట్ల కంట్రోలర్లు విమానాల మధ్య ఎడాన్ని సమయం, ఎత్తు లెక్కలతో ఉంచుతారు కాబట్టి, ఒకే వేళకు రెండు విమానాలు వస్తే రెండోది దూరంగానే చక్కర్లు కొట్టాల్సి వస్తుంది.

ఈ 62 ఒక రోజు 57 అవుతుంది, ఇంకో రోజు 72 అవుతుంది. విమాన సంస్థ టికెట్ మీద మాత్రం ఒక్క అంకే వేయగలదు. గత సీజన్లలో ఆ మార్గంలో నిజంగా పట్టిన సమయాలను వరుసగా పేర్చి, ఎక్కువ రోజులు దాని లోపలే పూర్తయ్యే అంకెను ఎంచుకుంటుంది. మన మార్గానికి అది 70. ఈ పెంపును మోసమని అనేవాళ్లున్నారు, నేను పూర్తిగా ఒప్పుకోను. అదే విమానం రోజుకు ఆరేడు సార్లు ఎగరాలి. పొద్దున ఒకసారి పది నిమిషాలు ఆలస్యమైతే సాయంత్రం దాకా ప్రతి ఊళ్లోనూ ఆ ఆలస్యం మోసుకుపోవాల్సిందే, మధ్యలో పీల్చేసుకునే ఖాళీ లేకపోతే. అయితే సమయపాలన అంకెలు చూసేటప్పుడు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. అమెరికా రవాణా శాఖ లెక్కల్లో టికెట్ వేళ కంటే 15 నిమిషాల లోపు ఆలస్యమైన విమానం సకాలంలో చేరినట్టే. ఆ 15 నిమిషాలకు టికెట్‌లో దాచిన ఎనిమిది కూడా కలిస్తే, 62 నిమిషాల పని 84 నిమిషాల్లో ముగించిన విమానానికీ సమయపాలన మార్కులు పడతాయి.

టికెట్ వ్యవధి ఋతువును బట్టి కూడా మారుతుంది. ప్రపంచ విమాన షెడ్యూళ్లు ఏడాదికి రెండుసార్లు, మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం మారతాయి. గాలులు మారే కాలం కాబట్టి అదే మార్గానికి రెండు సీజన్లలో అయిదు పది నిమిషాల తేడా ఉండవచ్చు. పోయే వ్యవధి, వచ్చే వ్యవధి వేర్వేరుగా ఉండటానికీ కారణం గాలే. రెండు ఊళ్లూ వేర్వేరు కాలమండలాల్లో ఉంటే టికెట్ మీద ఏ ఊరి వేళ ఆ ఊరిదే ఉంటుంది కాబట్టి, తీసివేత చేసేముందు ఆ తేడా సరిచూసుకోవాలి.

దూరం ఇస్తే సమయం చెప్పే కాలిక్యులేటర్లు వాడే సూత్రం ఒకటుంది: గంటకు 500 మామూలు మైళ్ల వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ అరగంట కలపడం. మన 336 కిలోమీటర్లకు ఇది 55 నిమిషాలు చెబుతుంది. అది 50కి దగ్గరగానే ఉన్నా దారి మాత్రం తప్పు. అది టర్బోప్రాప్‌కు లేని జెట్ వేగాన్ని అంటగట్టి, ఆ తప్పును ఎక్కువగా కలిపిన అరగంటతో సరిచేసింది. దూరం రెట్టింపైతే ఈ బండారం బయటపడుతుంది. 672 కిలోమీటర్లకు సూత్రం 80 నిమిషాలు చెబుతుంది, టర్బోప్రాప్‌కు గాలిలోనే 90 పడుతుంది. బ్లాక్ టైమ్ కావాలంటే నేను వాడే లెక్క ఇది: దూరాన్ని విమానం అసలు వేగంతో భాగించి 22 నిమిషాలు కలపడం. ఆ 22లో నేల మీది 12, మలుపులకు 3, ఎక్కడం దిగడంలో పోయే వేగానికి 7 ఉన్నాయి. పెద్ద విమానాశ్రయం ఒక కొసన ఉంటే ఇంకో పది కలుపుతాను.

ఇన్ని లెక్కలు చేశాక కూడా ఒక ప్రశ్న మిగిలిపోతుంది: ఆ రెండు విమానాశ్రయాల మధ్య అసలు విమానం ఉందా? చాలా ప్రాంతీయ విమానాశ్రయాల నుంచి విమానాలు ఒక పెద్ద నగరానికి పోయి వస్తాయి తప్ప ఒకదానికొకటి కలవవు. రెండు చిన్న ఊళ్ల మధ్య రోజూ విమానం నిండేంత మంది ఉండరు. పెద్ద నగరానికైతే పది ఊళ్ల జనం కలిసి సరిపోతారు. మన రెండు ఊళ్లకూ ఆ నగరం 420, 500 కిలోమీటర్ల దూరాల్లో ఉందనుకుందాం. మొదటి అంచె టికెట్ ప్రకారం గంటా ఇరవై, రెండోది గంటన్నర, మధ్యలో విమానం మారడానికి గంటన్నర. మొత్తం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. విమానాశ్రయానికి పోవడం, ముందుగా చేరి కూర్చోవడం, దిగాక ఊళ్లోకి రావడం కలిపితే ఏడు గంటలకు దగ్గర పడుతుంది. రోడ్డు దారి సాధారణంగా తిన్నటి దారి కంటే 20 నుంచి 40 శాతం పొడవు ఉంటుంది. 440 కిలోమీటర్లనుకుంటే కారులో అదే ఏడు గంటలు. 40 నిమిషాల దూరమని కాగితం మీద కనిపించిన ఊరికి విమానంలో పోయినవాడూ, రోడ్డు మీద పోయినవాడూ ఒకే వేళకు చేరతారు.

అలా నగరం మీదుగా పోయిన ప్రయాణికుడు 920 కిలోమీటర్లు ఎగురుతాడు. యూరప్‌లో విమానం బాగా ఆలస్యమైనప్పుడు పరిహారాన్ని నిర్ణయించే 2004 నాటి 261వ నిబంధన దూరాన్ని మహావృత్తంలోనే కొలుస్తుంది. 1,500 కిలోమీటర్ల వరకు 250 యూరోలు, ఆ పైన పెరుగుతూ పోతుంది. ఒకే బుకింగ్‌లో విమానం మారి వెళ్లినా మొదటి చోటు నుంచి చివరి చోటుకు తిన్నటి దూరమే లెక్క అని అక్కడి న్యాయస్థానం 2017లో తేల్చింది. రెండు అంచెలూ కలిపి 1,600 దాటినా, కొస నుంచి కొసకు 1,400 ఉంటే అందేది 250 యూరోలే. ఆ నిబంధన దృష్టిలో మన ప్రయాణికుడు పోయింది 336 కిలోమీటర్లే.